పోగు మీద గీత, గీత చదివే వేలు

నల్లగొండల నర్సింగ్ పిల్లలు, డిగ్రీ పిల్లలు, ఆశా కార్యకర్తలు కలిసి కూసున్న సభల, ఫిజియాలజీ చెప్పే డాక్టరు సారు నరాల మీది తొడుగు గురించి మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినోళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేసినం. తడబాట్లు తీసేసినం, మిగతాదంత సారు మాట అట్లనే ఉంచినం.

అందరికి నమస్కారం. ఎనక కూసున్నోళ్లకు వినపడ్తున్నదా? వినపడ్తలేదంటే చెయ్యి లేపుండ్రి, మైకు దగ్గర పెట్టుకుంట. సరే.

ముందుగాల మీ చేతికి ఒక వస్తువు ఇస్తున్న. ఇగో, ఈ నూలు కట్ట. నిన్న సాయంత్రం పుట్టపాక దిక్కు ఒక చేనేత ఇంట్ల అడిగి తెచ్చిన. చిటికి కట్టి ఉన్నది, అంటె డిజైన్ కోసం పోగుల మీద అక్కడక్కడ పట్టీలు చుట్టి ఉన్నయి, ఇంక రంగుల ముంచలేదు. ఒకరి నుంచి ఒకరికి ఇచ్చుకుంట పోండ్రి, ముడులు మాత్రం విప్పకుండ్రి, పాపం ఆమె నాలుగు రోజులు కూసోని కట్టింది. చూసిన్రా, నల్ల రబ్బరు పట్టీలు? సైకిల్ ట్యూబు సన్నగ కోసి చేసినయి. పట్టీని పోగుల మీద గట్టిగ గుంజి, చుట్టు మీద చుట్టు, చుట్టు మీద చుట్టు వేస్తరు. ఒక పట్టీ అయినంక జరంత ఖాళీ, మల్ల ఇంకో పట్టీ, మల్ల ఖాళీ. ఇప్పుడు దీన్ని రంగుల ముంచితే ఏమయితది? చెప్పుండ్రి, మీల సగం మంది ఇండ్లల్ల మగ్గం చూసినోళ్లే కదా. అవును, పట్టీ ఉన్న కాడ రంగు పట్టది, ఖాళీ ఉన్న కాడనే లోపలికి పోతది. గంతే. ఈ ఒక్క ముచ్చట సమజైతే ఇయ్యాల నేను చెప్పేదాంట్ల సగం సమజైనట్టే.

మీ ఒంట్లె నరం కూడ అచ్చం ఇట్లనే కట్టి ఉంటది. నడుము కాడ వెన్నుపాములున్న ఒక కణం నుంచి బయలుదేరి పాదం దాకా పోయే పోగు ఒక్కటే పోగు, మధ్యల అతుకు లేదు, పెద్దమనిషికి దగ్గర దగ్గర ఒక మీటరు పొడుగుంటది, వెంట్రుక కంటె ఎంతో సన్నం. పుస్తకంల దాన్ని ఆక్సాన్ అంటరు, నేను పోగు అనే అంట, మనకు అదే దగ్గరి మాట. ఆ పోగు మీద పట్టీ లెక్క చుట్టుకున్నదే మైలిన్. కొవ్వు ఎక్కువ, ప్రొటీన్ తక్కువ, నీళ్లు తీసేసి తూకం వేస్తే 70 నుంచి 80 శాతం కొవ్వే ఉంటది, అందుకే నరం తెల్లగ మెరుస్తది. ఒక్కొక్క పట్టీ పొడుగు ఎక్కువల ఎక్కువ ఒక మిల్లీమీటరు అటిటు. అంటే లెక్క వేసుకోండ్రి, మీటరు పోగుకు వెయ్యి పట్టీలకు తక్కువ కాదు. పట్టీకీ పట్టీకీ మధ్యల ఖాళీ మైక్రాన్ అంత, మిల్లీమీటరుల వెయ్యో వంతు. ఆ ఖాళీలను 1870లల్ల ఫ్రాన్స్‌ల రాన్వియే అనే ఆయన వర్ణించిండు, అందుకే వాటికి ఇప్పటికీ ఆయన పేరే. పోగుల కరెంటు పుట్టించే సోడియం లోపలికి వచ్చే దారులన్ని ఆ ఖాళీల కాడనే గుంపుగ ఉంటయి. రంగు ఖాళీల కాడనే పట్టినట్టు, కరెంటు కూడ ఖాళీల కాడనే పుడ్తది, ఒక ఖాళీ నుంచి ఇంకో ఖాళీకి దుంకుకుంట పోతది.

దానితోని ఏం లాభం? తుమ్మముల్లు తొక్కినోళ్లు ఎందరున్నరు? అందరం తొక్కినోళ్లమే. గుర్తు తెచ్చుకోండ్రి. ముల్లు దిగంగనే ముందు చురుక్కుమంటది, కాలు టక్కున లేపుతరు. అది అయినంక, ఒక సెకండు ఆగి, మెల్లగ మంట మొదలయితది, అది ఇంక చాలాసేపు ఉంటది. రెండు నొప్పులు రెండు రకాల పోగుల మీద వస్తున్నయి. మొదటిదానికి సన్నటి మైలిన్ తొడుగున్నది, సెకండుకు 5 నుంచి 30 మీటర్లు పోతది. రెండోదానికి తొడుగు లేదు, సెకండుకు అర మీటరు నుంచి రెండు మీటర్లు, గంతే. మందపు తొడుగున్న పోగులైతే సెకండుకు 120 మీటర్ల దాక కూడ పోతయి. తొడుగు విలువ ఏందో మీ అరికాలు మీకు ఎప్పుడో చెప్పింది.

ఇగ అసలు ప్రశ్నకు వస్తున్న. ఈ పట్టీ ఎవరు కడ్తరు, ఎక్కడ కట్టాలె, ఎన్ని చుట్లు వెయ్యాలె అని ఎవరు చెప్తరు?

కట్టేది ష్వాన్ కణం. ఇది చెయ్యి కాలు నరాల మాట, మెదడు ముచ్చట తర్వాత చెప్త. 1839ల జర్మనీల థియొడోర్ ష్వాన్ చెప్పిండు కాబట్టి ఆ పేరు. మైలిన్ అనే మాట 1854ల విర్కో అనే ఆయన పెట్టిండు. అయితే చాలా ఏండ్లు ఈ కొవ్వును పోగే తయారుచేసుకుంటదేమో అనుకున్నరు. 1954ల బెట్టీ గెరెన్ అనే ఆమె కోడిపిల్ల పిండంల నరాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసి, ఇది ష్వాన్ కణం తన పొరనే పోగు చుట్టు తిప్పి తిప్పి చుట్టిన చుట్ట అని చెప్పింది. ఒక కణం, ఒక పట్టీ. తన ఒంటినే పట్టీ చేసి చుట్టుకుంటది చూడుండ్రి, నేను ముప్పై ఏండ్ల నుంచి ఈ పాఠం చెప్తున్న, ఈ మాట కాడికి వచ్చినప్పుడల్ల నాకు ఒక క్షణం ఆగాలనిపిస్తది.

సరే, అన్ని ష్వాన్ కణాలు మైలిన్ కడ్తయా? కట్టవు. మంట తెచ్చే సన్న పోగుల కాడున్న ష్వాన్ కణాలు ఆ పోగులను ఊరికె ఒడిల పెట్టుకుంటయి, ఒక్క కణం ఒడిల ఎన్నో పోగులు, చుట్లు మాత్రం వెయ్యవు. మరి వీటికి కట్టుడు రాదా, వచ్చుండి కడ్తలేవా? 1976ల అగ్వాయో, ఆయనతోని పనిచేసినోళ్లు ఎలుకలల్ల ఒక ప్రయోగం చేసిన్రు. మైలిన్ లేని నరం ముక్క తీసి, మైలిన్ ఉండే నరం మధ్యల అతికిన్రు. పెద్ద పోగులు ఆ ముక్కలకెల్లి పెరుగుకుంట పోయినయి. అంతవరకు ఒక్క చుట్టు కూడ వెయ్యని ఆ ష్వాన్ కణాలు మైలిన్ కట్టుడు షురూ చేసినయి. అంటే ఏంది? కట్టే చెయ్యి అన్నిటికీ ఉన్నది. కట్టమని చెప్పేది పోగు.

నిన్న ఆ ఇంట్ల నేను ఒకటి గమనించిన. ఆమె ఎక్కడ పడితె అక్కడ కడ్తలేదు. పోగుల మీద ముందే బొగ్గు గీతలున్నయి, గీత నుంచి గీతకు కడ్తున్నది. బుగ్గ మీద చెయ్యి పెట్టుకోని చూస్తున్న నేను, మన నరంల కూడ గీత పోగు మీదనే ఉన్నది కదా అనుకున్న. అయితే గీత ఉంటె సరిపోతదా? ఆ గీతను చూసే కన్ను, తడిమే వేలు ఉండాలె. మన కణానికి కన్ను లేదు, చెవి లేదు. దానికున్నది రిసెప్టరు. కణం పొర మీద నాటుకోని ఉండే ప్రొటీన్, సగం బయట, సగం లోపల. బయట ఏదన్న వచ్చి తగిలితె లోపలి కొస కదుల్తది, లోపల పని మొదలయితది. ఇయ్యాల నేను చెప్దామని వచ్చింది ఈ వేలు గురించే.

గీత పేరు న్యూరెగ్యులిన్-1. పేరు పెద్దగున్నదని భయపడకుండ్రి. పోగు తన పొర మీదనే దీన్ని పెట్టుకోని ఉంటది. దీన్ని చదివే వేళ్లు ష్వాన్ కణం మీద రెండు, ఎర్బ్‌బీ2, ఎర్బ్‌బీ3. ఈ రెండింటి సంసారం చాలా చిత్రం. ఎర్బ్‌బీ3కి న్యూరెగ్యులిన్‌ను పట్టుకునుడు వచ్చు, కాని లోపల పని మొదలుపెట్టే ఎంజైము శక్తి దానికి లేనట్టే. ఎర్బ్‌బీ2కి ఆ శక్తి బ్రహ్మాండంగ ఉన్నది, కాని న్యూరెగ్యులిన్‌ను పట్టుకునుడు రాదు. అత్తకు డిజైన్ కాగితం చదవొస్తది, చేతులు నొస్తయి కాబట్టి కట్టలేదు, కోడలు ఎంతసేపైన కడ్తది, కాగితం చదవరాదు, ఇద్దరు పక్కపక్కన కూసుంటెనే చీర అయితది. అట్లనే ఈ రెండు జంట అయితెనే సంకేతం లోపలికి పోతది. ఈ ఎర్బ్‌బీ2 పేరు మీరు వేరే కాడ విన్నరు, నర్సింగ్ పిల్లలకు తెల్వాలె. రొమ్ము క్యాన్సర్ రిపోర్టుల హెర్2 పాజిటివ్ అని రాస్తరు కదా, ఆ హెర్2 ఇదే. అక్కడ ఎక్కువై కణాలను ఆగకుండ పెంచుతది, ఇక్కడ సరైన టైముల సరైనంత ఉండి తొడుగు కట్టిస్తది.

ఎలుకలల్ల ఎర్బ్‌బీ3 లేకుండ చేస్తె ఏమైందో తెలుసా? నరాలల్ల ష్వాన్ కణాలే లేకుండ పోయినయి. అంతటితోని ఆగలేదు, తోడు లేక పోగులు కూడ చచ్చినయి, వాటి మూల కణాలు చాలా మటుకు చచ్చిపోయినయి. కట్టేవాళ్లు లేకపోతె నూలు కూడ మిగల్లేదు.

2004ల ఇంకో మంచి పని బయటికొచ్చింది. జర్మనీల గోటింగెన్‌ల క్లౌస్ ఆర్మిన్ నావే ల్యాబు వాళ్లు ఎలుకలల్ల న్యూరెగ్యులిన్ మోతాదు మార్చి చూసిన్రు. సగానికి తగ్గిస్తె తొడుగు పల్చగైంది. పోగుల కాడ ఎక్కువ చేస్తె తొడుగు మందమైంది. ఆలోచించుండ్రి, ఇది ఎంత పెద్ద మాట. కట్టు అని చెప్పుడే కాదు, ఎన్ని చుట్లు అనేది కూడ గీతలనే రాసి ఉన్నది. పోగు ఎంత లావుంటె గీత అంత ఎక్కువ, గీత ఎంత ఎక్కువుంటె చుట్లు అన్ని. ఆ మరుసటి ఏడు, 2005ల, అసలు ఒక పోగుకు తొడుగు రావాల్నా వద్దా అనేది కూడ ఈ న్యూరెగ్యులిన్ తోనే తేలుతదని చూపించిన్రు.

వన్ టు వన్ కాడ ఆగిపోయిన చేపపిల్లలు

ఇప్పుడు చెప్పేది నాకు అన్నిటికంటె ఇష్టమైన ముచ్చట, జర ఎక్కువసేపు చెప్త, ఓపిక పట్టుండ్రి.

జీబ్రా చేప అని ఉంటది, అక్వేరియంల చారల చారలది, మన చిటికెన వేలంత. దాని పిల్ల అద్దం లెక్క ఉంటది, లోపల నరం బయటికే కనపడ్తది. అందుకే తొడుగు ఎట్ల కట్టుకుంటదో చూడాలంటె ఇది మంచిది. అమెరికాల స్టాన్‌ఫర్డ్‌ల, టాల్బట్ ల్యాబుల, కెల్లీ మాంక్ అనే ఆమె, తొడుగు సరిగ రాని చేపపిల్లలను పట్టుకోని వాటిల చెడిన జీన్ ఏదో వెతికింది. 2009ల అచ్చయింది. ఆ జీన్ జీపీఆర్126 అనే రిసెప్టరుది.

ఆ చేపపిల్లలల్ల ఏం జరిగిందో వినుండ్రి. తొడుగు కట్టే ముందు ష్వాన్ కణం గుంపుల నుంచి ఒక పెద్ద పోగును ఏరుకుంటది. ఇగ నువ్వు నాకు, నేను నీకు అన్నట్టు, ఒక కణానికి ఒక పోగు. అక్కడి వరకు అంత మంచిగనే అయింది. ష్వాన్ కణాలు ఉన్నయి, బతికే ఉన్నయి, నరం పొడుగు నడిచి పోయినయి, పోగును ఏరుకున్నయి, ఒక చుట్టు ఒకటిన్నర చుట్టు పట్టుకోని కూసున్నయి. అక్కడ ఆగిపోయినయి. పట్టీ చేతిల పట్టుకోని, పోగును పట్టుకోని, ఇగ తిప్పుడు మొదలుపెట్టకుండ అట్లనే కూసున్నట్టు. ఎదురుచూస్తున్నయి. దేని కోసం? లోపలికి రావాల్సిన ఒక మాట కోసం. ఆ మాటే సైక్లిక్ ఏఎంపీ, కణం లోపల కబురు మోసే చిన్న రసాయనం. జీపీఆర్126 పనిచేస్తె కణం లోపల సైక్లిక్ ఏఎంపీ పెరుగుతది, అది పెరిగితె క్రాక్స్20 అనే స్విచ్చు పడ్తది, స్విచ్చు పడితె మైలిన్ జీన్లన్ని లేస్తయి.

దీన్ని ఎట్ల నమ్మాలె అంటరా? ఫోర్‌స్కోలిన్ అనే మందు వేసి చూసిన్రు. అది రిసెప్టరుతోని సంబంధం లేకుండ, నేరుగ లోపల సైక్లిక్ ఏఎంపీని పెంచుతది. మందు తగలంగనే ఆ ఆగిపోయిన చేపపిల్లల ష్వాన్ కణాలు మైలిన్ ప్రొటీన్లు తయారుచేసుడు షురూ చేసినయి. తలుపు చెడిపోయినా, ఇంట్లె మనిషి బాగనే ఉన్నడన్నమాట. ఆ ఫోర్‌స్కోలిన్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా, కోలియస్ ఫోర్‌స్కోలీ అని మన దేశంల పెరిగే మొక్క, తులసి కుటుంబం, దాని వేరు నుంచి.

ఈ జీపీఆర్126 ఎట్ల లేస్తది అనేది ఇంకా చిత్రం. ఇది తయారైనప్పుడే తనను తాను రెండు ముక్కలు చేసుకుంటది. బయటి ముక్క పొడుగ్గ, లోపలి ముక్కను పెన్ను మూత లెక్క కప్పి ఉంటది. మూత కింద చిన్న ములికి దాగి ఉన్నది. బయటి ముక్క పోయి ష్వాన్ కణం చుట్టున్న పరుపుకు, అంటె లామినిన్-211, కొలాజెన్-4 అనే ప్రొటీన్లుంటయి ఆ పరుపుల, వాటికి పట్టుకుంటది. పరుపు గట్టిపడ్తున్నకొద్ది లాగుడు పెరుగుతది, మూత జరుగుతది, ములికి బయటపడి తన ఒంటికే గుచ్చుకోని రిసెప్టరును లేపుతది. అంటె ఈ కణం రసాయనం ఒక్కటే చదువుతలేదు, గుంజుడు కూడ చదువుతున్నది. మీ చేతిల ఉన్న ఆ రబ్బరు పట్టీ, ఎవరి దగ్గరుందో, జర గుంజి చూడుండ్రి. చిటికి కట్టే ఆమె కూడ ఎంత గట్టిగ కట్టాల్నో వేలికి తగిలే గుంజుడును బట్టే తెలుసుకుంటది, కండ్లతోని చూసి కాదు.

అమ్మా, మీరేదో అడుగుతున్నరు? ఆఁ, మనుషులల్ల ఇది చెడితె ఏమయితది అని అడుగుతున్నది. మంచి ప్రశ్న. 2015ల కొన్ని కుటుంబాలల్ల దొరికింది. తల్లి కడుపులనే పిల్లల కాళ్లు చేతులు కదలక, కీళ్లు బిగుసుకపోయి పుట్టిన్రు. నరం తీసి చూస్తె తొడుగు లేదు. కడుపుల పిల్ల కాలు తన్నాలె, చెయ్యి ఆడించాలె, అప్పుడే కీలు సాగుతది. నరానికి తొడుగు లేక కండరానికి మాట అందకపోతె కీలు అట్లనే గట్టిపడ్తది. చానా అరుదు, భయపడాల్సిన పనిలేదు. కాని ఒక్క వేలు పోతె ఎంత పోతదో తెలుస్తది.

అదే తలుపు కాడికి దొంగ వస్తె

ఇగ ఇక్కడున్న ఆశా అక్కలకు చెప్పాల్సిన ముచ్చట. వీళ్లను ఎందుకు పిలిచిన్రు సార్, రిసెప్టర్ల పాఠానికి ఆశాలెందుకు అని ఒకరు నన్ను అడిగిన్రు. ఇందుకే.

చాలా ఏండ్ల కింద, నేను పీహెచ్‌సీల చేసేటప్పుడు, దేవరకొండ దిక్కు నుంచి ఒకాయన వచ్చిండు. యాభై ఏండ్లుంటయి, పత్తి చేనున్నది. చిటికెన వేలు కాలి బొబ్బ వచ్చింది, దానికి కట్టు కట్టమన్నడు. ఎట్ల కాలింది పెద్దాయనా అంటె, పొయ్యి మీది గిన్నె దించిన సారూ, వాసన వస్తె చూసుకున్న అన్నడు. నాకు చెయ్యి ఆగిపోయింది. నొప్పి తెల్వలేదు, తన చర్మం కాలిన వాసన వస్తె తెలిసింది. అంగీ చేతులు పైకి లేపమన్న. ముంజేతి మీద ఒక మచ్చ, చుట్టు చర్మం కంటె తెలుపు, దాని మీద వెంట్రుకలు లేవు, చెమట లేదు. రెండేండ్ల నుంచి తామర అని ఎవరో ఇచ్చిన మలాం రాస్తున్నడట. కండ్లు మూసుకొమ్మన్న, దూది కొస పలచగ తీసి మచ్చ మీద తాకించిన. ఏమన్లేదు. మచ్చ పక్కన తాకిస్తె వెంటనే వేలు పెట్టి చూపించిండు. మల్ల మచ్చ మీద, మల్ల ఏమన్లేదు. మోచెయ్యి వెనక ఎముక సందుల వేలు పెట్టి చూసిన. నరం తాడు లెక్క లావుగ, ముట్టుకుంటె ఆయన ముఖం చిట్లించిండు.

కుష్టు. ఆ సూక్ష్మజీవిని 1873ల నార్వేల హాన్సెన్ చూసిండు. దాన్ని ఇప్పటికీ ల్యాబుల డబ్బాల పెంచరాదు, అంత నిదానం, ఒకటి రెండు కావాల్నంటె రెండు వారాలు పడ్తది. మరి అంత నిదానమైన జీవి నేరుగ నరం లోపలికే ఎట్ల పోతది? ఇన్ని కణాలుండంగ ష్వాన్ కణమే ఎందుకు?

ఇప్పుడు మన పరుపు గుర్తు తెచ్చుకోండ్రి, ష్వాన్ కణం చుట్టున్న లామినిన్. ష్వాన్ కణం ఆ పరుపును పట్టుకోవడానికి డిస్ట్రోగ్లైకాన్ అనే ఇంకో రిసెప్టరు పెట్టుకుంటది. తొడుగు సక్కగ రావాల్నంటె ఆ పట్టు ఉండాలె. 1997, 1998లల్ల రాంబుక్కన అనే ఆయన, ఆయన తోటివాళ్లు చూపించింది ఏందంటే, కుష్టు బ్యాక్టీరియా పోయి ఆ లామినిన్‌కే అతుక్కుంటది, దాని మీదికెల్లి ఆ డిస్ట్రోగ్లైకాన్‌నే పట్టుకుంటది. తొడుగు కట్టుడుకు పెట్టుకున్న పట్టే దొంగకు నిచ్చెనైంది. ఇంక 2006ల తేలింది వింటె మీరు ఉలిక్కిపడ్తరు. ఈ బ్యాక్టీరియా ఎర్బ్‌బీ2ను నేరుగ పట్టుకోని లేపుతది. ఏ ఎర్బ్‌బీ2? మన కోడలు. కాగితం చదవరాని కోడలు. అత్త లేకుండ, ఎర్బ్‌బీ3 లేకుండనే, దొంగ వచ్చి కోడలు చెవుల తప్పు మాట చెప్తడు. ఆ తప్పు మాటకు కట్టిన తొడుగు ఊడిపోవుడు మొదలయితది. ల్యాబుల ఎర్బ్‌బీ2ను అడ్డుకునే మందు వేస్తె ఆ ఊడుడు తగ్గింది. తొడుగు పోయినంక, మైలిన్ కట్టని ష్వాన్ కణాలల్ల ఆ బ్యాక్టీరియా మంచిగ దాక్కుంటది.

ఒకటి సాఫ్‌గ చెప్పాలె. మనిషిల నరం దెబ్బతినేది ఈ ఒక్క కారణంతోనే కాదు. మన ఒంటి రక్షణ కణాలు దొంగను పట్టబోయి నరాన్నే కొడ్తయి, వాపు వచ్చి నరం నలుగుతది, చాలామందికి పెద్ద దెబ్బ అదే. అందుకే ఒక్కొక్కసారి బ్యాక్టీరియా మందులతోని పాటు స్టెరాయిడ్ కూడ ఇయ్యాల్సి వస్తది. కాని మొదటి అడుగు, తలుపు తీసుకునుడు, అది రిసెప్టర్ల కాడనే.

2005 డిసెంబరుల మన దేశం కుష్టు నిర్మూలన స్థాయికి వచ్చిందని ప్రకటించిన్రు, అంటె పదివేల మందికి ఒక కేసు కంటె తక్కువ. ఆ మాట విని చాలామంది రోగమే లేదనుకున్నరు. ప్రపంచంల కొత్తగ బయటపడే కేసులల్ల సగానికి పైగ ఇప్పటికీ మన దేశంలనే. అక్కా, మీరు ఇంటింటికి తిరిగేటప్పుడు తెల్ల మచ్చనో ఎర్ర మచ్చనో కనపడితె దురద ఉన్నదా అని ఒక్కటి అడిగి పోకుండ్రి. కండ్లు మూసుకొమ్మని దూది తాకించుండ్రి. తాకిచ్చిన కాడ వేలు పెట్టి చూపియ్యమనుండ్రి. పిల్లలైతె ఆటలెక్క చెయ్యుండ్రి. మందు ప్రభుత్వ దవాఖానల ఉచితం, రోగం రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో. మందు మొదలైన కొద్ది రోజులకే అంటించే గుణం పోతది, ఇంట్ల నుంచి వెళ్లగొట్టాల్సిన పనిలేదు, కంచం వేరు చెయ్యాల్సిన పనిలేదు. ఎక్కువ మందికి అసలు ఈ రోగం అంటుకోనే అంటుకోదు, ఒంట్లెనే అడ్డుకునే శక్తి ఉంటది.

సరే, మెదడు ముచ్చట చెప్తనన్న, గబగబ చెప్త, టైమైతున్నది. మెదడుల, వెన్నుపాముల తొడుగు కట్టేది ష్వాన్ కణం కాదు, ఒలిగోడెండ్రోసైట్. 1921ల స్పెయిన్ ఆయన రియో ఒర్తేగా చెప్పిండు. ఇది చేతులు చాపి ఒక్కటే చాలా పోగులకు, చాలా పట్టీలు కడ్తది, నలభై యాభై దాక కూడ. చిత్రమేందంటే ఇక్కడ న్యూరెగ్యులిన్ లేకున్నా తొడుగు వస్తది, జీపీఆర్126 లేకున్నా వస్తది. వేళ్లు వేరే. ఇక్కడ ఇంకో పద్ధతి, బ్రేకులు ఎక్కువ. నాచ్, లింగో-1, జీపీఆర్17, మస్కరినిక్ ఎం1, ఇవన్ని ఇప్పుడే కట్టకు, ఆగు అని చెప్పే రిసెప్టర్లు. టైము వచ్చినంక బ్రేకు వదిలితెనే కణం ముదిరి తొడుగు కడ్తది.

ఎంఎస్ అని రోగమున్నది, మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడు తొడుగు ఊడిపోతది. బ్రేకు వదిలిస్తె మల్ల కట్టదా అని ఆశ. లింగో-1కి మందు చేసిన్రు, మనుషుల మీద పరీక్షలల్ల గట్టెక్కలేదు, ఆపేసిన్రు. ఎం1 బ్రేకును వదిలించే క్లెమాస్టిన్, అది పాత జలుబు, అలర్జీ మందు, 50 మంది ఎంఎస్ రోగులకు ఇచ్చి 2017ల అచ్చు వేసిన్రు. కంటి నుంచి మెదడుకు సంకేతం చేరే టైము 1.7 మిల్లీసెకండ్లు తగ్గింది. గంతేనా అనిపిస్తది. నాకైతె అది చిన్న మాట అనిపియ్యదు, ఊడిన తొడుగు పెద్దమనిషి మెదడుల మల్ల కట్టుకుంటదేమో అనేటందుకు అది ఒక గుర్తు. అట్లని ఎవ్వరు మెడికల్ షాపుల కొని మింగకుండ్రి, ఇంక అది చికిత్స కాలేదు.

థైరాయిడ్ గురించి ఒక్క మాట చెప్పకపోతె నాకు నిద్ర పట్టది. రిసెప్టరు అంటె పొర మీదనే ఉండాలని లేదు. థైరాయిడ్ హార్మోన్ రిసెప్టరు కణం నడిమిల, న్యూక్లియస్‌ల ఉంటది. పసిపిల్ల మెదడుల ఒలిగో కణాలు ముదరాల్నంటె ఆ రిసెప్టరుకు హార్మోన్ అందాలె. పుట్టంగనే థైరాయిడ్ లేని పిల్ల చూడ్డానికి మామూలుగనే ఉంటది, ఏడుపు తక్కువ, నిద్ర ఎక్కువ, చాలా బుద్ధిమంతురాలు అంటరు ఇంట్ల. అక్కడ ఒక్కొక్క వారం విలువైనది. మడిమ కాడ ఒక చుక్క రక్తం తీసి చూస్తె తెలుస్తది, ఒక చిన్న గోలితోని పిల్ల బాగయితది. కాన్పు అయిన తల్లిని కలిసినప్పుడు ఆ పరీక్ష చేయించిన్రా అని అడుగుండ్రి.

ఇంటికి పోయి మీరే చూడొచ్చు ఇంకోటి. ఆరేడు నెలల పిల్ల అరికాలు మీద, మడిమ నుంచి పైకి, వేలి గోరుతోని మెల్లగ గీయుండ్రి. బొటనవేలు పైకి లేస్తది, మిగతా వేళ్లు విచ్చుకుంటయి. మీ అరికాలు మీద గీస్తె వేళ్లు కిందికి ముడుచుకుంటయి. 1896ల బాబిన్‌స్కీ చెప్పిండు. పెద్దోళ్లకు పైకి లేస్తె మెదడు దారిల ఏదో దెబ్బ ఉన్నట్టు, పిల్లలకు లేస్తె దెబ్బ కాదు, మెదడు నుంచి కిందికి వచ్చే పోగులకు ఇంక తొడుగు పూర్తి కాలేదన్నట్టు. నడక వచ్చి, ఏడాది, రెండేండ్ల నడుమ అది మారుతది. మీ కండ్ల ముందరనే తొడుగు కట్టుకుంటున్నది.

ఆ, ఎనక ఎవరో చెయ్యి లేపిన్రు. గట్టిగ చెప్పు బిడ్డా. ఊడిన తొడుగు చెయ్యి కాలు నరాలల్ల మల్ల వస్తదా అని. వస్తది. ష్వాన్ కణం చాలా మంచిది, పోగు బతికి ఉంటె మల్ల వచ్చి కడ్తది. అయితే ఈసారి పట్టీలు పొట్టిగ, చుట్లు తక్కువ, తొడుగు పల్చగ ఉంటది, పని నడుస్తది. పోగే చచ్చిపోతె మాత్రం చానా కష్టం. అందుకే తొందరపడాలె.

ఆ దేవరకొండ పెద్దాయన ఏమైండు అని కూడ అడుగుతున్నరు. 12 నెలలు మందు వాడిండు, నరం వాపుకు స్టెరాయిడ్ ఇచ్చినం, రోజు నూనె రాసి వేళ్లు చాపుకునుడు నేర్పించినం. మోచెయ్యి నొప్పి పోయింది, చేతిల బలం చాలా మటుకు వచ్చింది, పత్తి ఏరిండు. చిటికెన వేలికి స్పర్శ రాలేదు. రెండేండ్లు మలాం రాసినప్పుడే ఆ పోగులు పోయినయి. గిన్నె దించేటప్పుడు గుడ్డ పట్టుకోమని ఆయన భార్యకు చెప్పిన, ఆమె ఆయన కంటె ముందే గుడ్డ అందించేది.

ఇంక అడిగేదుంటె బయట చెట్టు కింద కూసుంట, అక్కడికి రాండ్రి. ఆ నూలు కట్ట ఎవరి దగ్గరుందో ముందుకు పంపుండ్రి. పట్టీలన్ని ఉన్నయా, ఎవరు విప్పలేదు కదా? చీకటి పడకముందే ఆమెకు ఇచ్చి రావాలె, రేపు పొద్దున రంగుల వెయ్యాలట.